నీలం లైటు వెలుగుతోంది, సిమెంటు మాత్రం గట్టిపడట్లేదు

గుంటూరు అరండల్‌పేటలో మాది రెండు కుర్చీల చిన్న పళ్ల క్లినిక్. పుచ్చుపన్నుకి పెట్టిన సిమెంటు నెలకే ఊడిందని పేషెంట్ తిరిగొస్తే, మొదట్లో నేనూ కాంపోజిట్ (నీలం లైటు పెడితే గట్టిపడే పంటి రంగు సిమెంటు ముద్ద) కంపెనీనే తిట్టుకునేవాణ్ణి. తర్వాత అర్థమైంది, చాలాసార్లు తప్పు లైటుది, కాదంటే దాన్ని పట్టుకున్న చేతిది.

పైన రాయి, లోపల మైనం

తిరిగొచ్చిన ఫిల్లింగ్ తవ్వితే అడుగున మెత్తగా తగులుతుంది. కాంపోజిట్‌లో ఉండే కాంఫర్‌క్వినోన్ అనే రసాయనం 468 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతిని బాగా పీల్చుకుని గట్టిపడే పని మొదలుపెడుతుంది. లోతుకి వెళ్లేకొద్దీ ఆ కాంతి తగ్గిపోతుంది. అందుకే మామూలు కాంపోజిట్‌ని 2 మిల్లీమీటర్లకు మించి ఒకేసారి నింపకూడదు. మందంగా నింపడానికే చేసిన బల్క్‌ఫిల్ రకమైతే సాధారణంగా 4 వరకు ఫర్వాలేదు. ముదురు రంగు కాంపోజిట్‌కి లైటు పెట్టే సమయం పెంచండి.

రెండు పళ్ల మధ్య పుచ్చు ఉంటే ఇంకో చిక్కు. లైటు మొన పంటి పైన ఆనించినా, గుంత అడుగు 6, 7 మిల్లీమీటర్ల కింద ఉండొచ్చు. పైగా సిమెంటు బయటికి పోకుండా పంటి చుట్టూ బిగించిన లోహపు బ్యాండ్. నేను మొదటి పొరకి 40 సెకన్లు ఇస్తాను. బ్యాండ్ తీశాక చెంప వైపు నుంచి, నాలుక వైపు నుంచి మళ్లీ లైటు పెడతాను. ఈ రెండోది బద్ధకించేవాళ్లే ఎక్కువ.

అన్నీ సరిగ్గా చేసినా మెత్తగానే ఉంది

లైటు మొన చూడండి. ఎండిన కాంపోజిట్ చుక్క అంటుకుని ఉంటుంది, లేదంటే ప్లాస్టిక్ తొడుగు ముడతలు పడి ఉంటుంది. బ్యాటరీ కూడా చూడండి. కంటికి మెరుస్తోంది కదా అని నమ్మొద్దు, కన్ను ఈ లెక్క చెప్పలేదు. లైటు బలం చదరపు సెంటీమీటరుకి 1000 మిల్లీవాట్లు ఉంటే 20 సెకన్లలో 20 జౌళ్ల శక్తి అందుతుంది. అదే 400కి పడిపోతే 50 సెకన్లు కావాలి. లైటు బలం కొలిచే రేడియోమీటర్ మీద లైటు కొన్న రోజు అంకె రాసిపెట్టుకుని, నెలకోసారి పోల్చండి. వేర్వేరు లైట్లను పోల్చడానికి మాత్రం ఆ మీటర్ మీద ఆధారపడకండి.

మీటర్ లేకపోతే ఐఎస్ఓ 4049 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న పద్ధతి ఉంది. లోహపు గొట్టం ముక్కలో కాంపోజిట్ నింపి, పైనుంచి మాత్రమే లైటు పెట్టండి. బయటికి తీసి అడుగున ఉన్న మెత్తటిదంతా గీకేసి, మిగిలిన గట్టి ముక్క పొడవుని సగం చేయండి. మీ లైటుతో నమ్మదగిన లోతు అదీ.

పైపొర జిగటగా ఉంది

కంగారు పడకండి. గాలిలోని ఆక్సిజన్ తగిలి పైన పలచటి పొర గట్టిపడదు. మధ్య పొరలకి అది మేలే. ఆఖరి పొర మీద గ్లిజరిన్ రాసి ఇంకోసారి లైటు పెట్టి పాలిష్ చేస్తే చాలు.

పెట్టకముందే బిగుసుకుంటోంది

తల మీది పెద్ద లైటు పక్కకి తిప్పండి. అందులోనూ నీలి కాంతి ఉంటుంది. ట్యూబ్‌లోంచి తీసిన ముద్దని నీలి కాంతిని ఆపే నారింజ మూత కింద ఉంచండి. ఇక మే నెల వేడికి జారిపోతోందని ఫ్రిజ్‌లో పెడతాం కదా, వాడే ముందు కొంతసేపు బయట పెట్టాలి. చల్లటిది సరిగ్గా గట్టిపడదు.

లవంగ నూనె వాసన

నొప్పికి లవంగ నూనె దూది పెట్టుకుని వచ్చేవాళ్లు మా దగ్గర తక్కువేం కాదు. అందులోని యూజినాల్ కాంపోజిట్ గట్టిపడకుండా అడ్డుపడుతుంది. కొన్ని పాత తాత్కాలిక సిమెంట్లలోనూ అదే. పూర్తిగా శుభ్రం చేయకుండా బాండ్ (కాంపోజిట్‌ని పంటికి అంటించే జిగురు) వేయొద్దు.

లైటు పెట్టగానే జివ్వుమంటోంది

బలమైన లైటు వేడి. లోతైన గుంతలో గాలి ఊదుతూ, మధ్యలో కొన్ని సెకన్లు ఆగుతూ పెట్టండి.

మా క్లినిక్‌లో దొరికిన అసలు కారణం మాత్రం ఇవేవీ కాదు. లైటు పట్టుకునే అమ్మాయి, వెలిగిన మరుక్షణం మొహం తిప్పేసుకుంటోంది. "కళ్లు గుంజుతున్నాయి సార్" అంది. తప్పేముంది, నీలి కాంతిని ఆపే నారింజ కళ్లద్దాలు సొరుగులో మూలన పడేసింది నేనే. చూడకుండా పట్టుకుంటే మొన మెల్లగా పక్క పంటి మీదికి జారుతుంది, 20లో 10 సెకన్లు అక్కడే వెలుగుతుంది. ఇప్పుడు అద్దాలు ట్రేలోనే ఉంటాయి. వేలు పక్క పంటికి ఆనించి, మొన మీదే చూపు నిలిపి, తను పైకే లెక్కపెడుతుంది. పేషెంట్లు కూడా నోరు తెరుచుకునే మనసులో లెక్కపెట్టుకుంటున్నారట.