ఫోన్ వంటింటికి మారింది

పొద్దున్న కళ్లు తెరవగానే ఫోన్ చూసేవాణ్ణి. ఆఫీసు గ్రూపు మెసేజీలతో పళ్లు తోమకముందే టెన్షన్, ఇంట్లో అందరి మీదా చిరాకు. మా ఆవిడ విసిగిపోయి చార్జర్‌ని వంటింట్లోకి మార్చేసింది. గంటస్తంభం దగ్గర అలారం గడియారం కొన్నాను. దాని మోతకి పక్కింటివాళ్లూ లేస్తున్నారు, అది వేరే సంగతి.

ఇప్పుడు లేవగానే పెద్ద చెరువు వైపు అరగంట నడక. రాత్రి పాత కరెంటు బిల్లు వెనక ఆ రోజు మంచి ఒక్కటి రాస్తాను. నిన్నటిది: "పెసరట్టు మాడలేదు."

21 రోజుల్లో అలవాటైపోతుందని నమ్మి, మధ్యలో తప్పి, నీరుగారిపోయాను. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధనలో సగటున 66 రోజులు పట్టిందట, ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదట. అది చదివాకే మళ్లీ మొదలుపెట్టాను. ఇవాళ్టికి 80. చిరాకు పూర్తిగా పోలేదు గానీ, పొద్దున్నపూట నా గొంతు తగ్గిందని మా ఆవిడే అంది.