కుక్కల, పిల్లుల ప్రవర్తన పని నేర్చుకోవాలంటే మొదట పెన్ను పట్టుకోండి

కుక్కకి ‘కూర్చో’ నేర్పడం ఓపిక ఉన్నవాళ్లెవరైనా కొద్ది రోజుల్లో నేర్చుకోవచ్చు. కరిచే కుక్క ఎందుకు కరుస్తోంది, మంచం మీద మూత్రం పోసే పిల్లికి ఏమైంది అని తేల్చడం మాత్రం వేరే పని. దాన్ని వృత్తిగా చేసుకుంటామని విశాఖలో నా దగ్గరికి వచ్చే పిల్లలకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పాలి. నేను పని నేర్చుకున్న చోట, కుక్క గుర్రుమంటే మెడ గొలుసు పట్టి గట్టిగా లాగమనేవారు. నా మొదటి కేసుల్లో బ్రూనో అనే లాబ్రడార్ ఉండేవాడు. పిల్లలు దగ్గరికొస్తే గుర్రుమనేవాడు. నేను లాగాను. పది రోజుల్లో గుర్రుమనడం మానేశాడు, ఇంట్లోవాళ్లు సంతోషించారు. తర్వాతి నెలలో ఏ చప్పుడూ లేకుండా ఆ ఇంటి ఐదేళ్ల పాప చేతిని కరిచాడు. పిల్లలంటే వాడికున్న భయం అలాగే ఉంది. ‘దగ్గరికి రావద్దు’ అని చెప్పే గొంతును మాత్రం నేను నొక్కేశాను. ఆ చేతి మీది కుట్లు నేను మర్చిపోలేదు.

అందుకే నా దగ్గర మొదటి నెల ఎవరూ కుక్క మీద చెయ్యి వెయ్యరు. నోట్‌బుక్, పెన్ను, రోజూ అరగంట. ఏదో ఒక టీ కొట్టు దగ్గర వీధికుక్కల్ని దూరం నుంచి చూడాలి. పిల్లుల కోసమైతే ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్లమంటాను. చేపల బుట్టల చుట్టూ తిరిగే పిల్లులు ఒకదానికొకటి ఎలా దారి ఇచ్చుకుంటాయో అక్కడ కనిపించినంత బాగా ఇంట్లో కనిపించదు. ‘కోపంగా ఉంది’ అని రాస్తే నేను కొట్టేస్తాను. కోపం మీ ఊహ. ‘చెవులు వెనక్కి, నోరు మూసింది, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూసింది’ అని రాయాలి. నిద్ర రాకపోయినా ఆవలించడం, తిండి లేకపోయినా మూతి నాకడం, ఒళ్లు బిగుసుకుపోవడం, ఇవన్నీ గుర్రుమనే ముందు కుక్క పలికే మాటలు. తోక ఊపితే సంతోషమే అనుకోవద్దు. పైకెత్తి బిర్రుగా ఊపే తోకకూ, నడుము మొత్తం కదిలేలా ఊపే తోకకూ చాలా తేడా.

‘నువ్వే గుంపు నాయకుడివని కుక్కకు చూపించు’ అనే మాట మీరు చాలాసార్లు వింటారు. ఆ ఆలోచనకు మూలం 1947లో జంతు ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ ప్రచురించిన పరిశీలన. ఆయన చూసింది జూలో ఒకేచోట బంధించి ఉంచిన తోడేళ్లను. అడవిలో తోడేళ్ల గుంపంటే సాధారణంగా తల్లి, తండ్రి, వాటి పిల్లలేనని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1999లో వివరంగా రాశారు. కుక్కను వెల్లకిలా పడేసి నొక్కిపట్టమనే గురువు దొరికితే ఆ రోజే అక్కడి నుంచి వచ్చేయండి.

రెండో నెల టైమింగ్. ఒకరు టెన్నిస్ బంతి ఎగరేస్తారు, అది నేలను తాకిన క్షణంలోనే క్లిక్కర్ నొక్కాలి. క్లిక్కర్ అంటే నొక్కితే ‘టిక్’ మనే చిన్న డబ్బీ, ‘ఇదే సరైన పని, తిండి వస్తోంది’ అని జంతువుకు చెప్పే గుర్తు. చేయి కుదిరాక కోడి. అమెరికాలో జంతు శిక్షకుడు బాబ్ బెయిలీ ఎంతోమంది ట్రైనర్లకు కోళ్లతోనే పాఠాలు చెప్పారు. నేను అనకాపల్లి దగ్గర మా అమ్మమ్మ ఇంట్లో నాటుకోడికి ఎర్ర మూతను మాత్రమే పొడవడం నేర్పాను. కోడి క్షణం ఆగదు. క్లిక్ కాస్త ఆలస్యమైతే అది మూతను కాకుండా నేలను పొడవడం నేర్చేసుకుంటుంది. కుక్క మన తప్పులు సర్దుకుపోతుంది, కోడి సర్దుకోదు.

భయాన్ని తగ్గించే పని ఎలా ఉంటుందో ఒక కేసుతో చెప్తాను. ఆటోలంటే వణికే కుక్క. ఖాళీ రోడ్డు చివర నిలబడతాం. దూరంగా ఆటో కనిపించగానే ఉడికించిన చికెన్ ముక్కలు, ఆటో వెళ్లిపోగానే చికెన్ బంద్. వరుస తప్పకూడదు, ముందు ఆటో, తర్వాతే చికెన్. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ తన ప్రయోగాల్లో కుక్కలకు కూడా చప్పుడు ముందు, తిండి తర్వాత ఇచ్చాడు. తిరగేస్తే కొన్నాళ్లకు చికెన్ చూసినా కుక్కకు టెన్షన్ మొదలవుతుంది. కుక్క ముక్క ముట్టుకోలేదంటే మీరు మరీ దగ్గరగా ఉన్నారని అర్థం, వెనక్కి వెళ్లండి. దీపావళి బాంబుల భయానికీ పద్ధతి ఇదే, రికార్డు చేసిన శబ్దం వినీ వినబడనంత తక్కువగా మొదలుపెట్టాలి. కాకపోతే పండగకు కొన్ని నెలల ముందే. వారం ముందు ఫోన్ చేసేవాళ్లను మందు కోసం డాక్టర్ దగ్గరికి పంపుతాను.

డాక్టర్ మాట వచ్చింది కాబట్టి, ఉన్నట్టుండి మారిన ప్రవర్తనకు మొదటి మెట్టు పశువైద్యుడే. ఒక ఇంట్లో మూడేళ్ల మగపిల్లి ఎక్కడపడితే అక్కడ కూర్చుని ముక్కుతోంది. కొత్తగా పుట్టిన పాప మీద అసూయ అన్నారు. ‘మూత్రం ధారగా వస్తోందా, చుక్కలేనా?’ అని ఫోన్‌లోనే అడిగాను. చుక్కలే. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. మూత్రనాళం మూసుకుపోయింది. మగపిల్లికి అలా జరిగితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. ఒంట్లో ఏమీ లేదని తేలాకే లిట్టర్ ట్రే, అంటే పిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక పళ్లెం, సంగతి చూడాలి. ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒకటి ఎక్కువ ట్రే, వేర్వేరు చోట్ల, వాషింగ్ మెషీన్ పక్కన కాకుండా. పిల్లితో శిక్షణ ఒక్కసారికి రెండు మూడు నిమిషాలు చాలు. మీ దగ్గరికి రావడమా, మానడమా అనేది దాని ఇష్టానికే వదలండి.

ఇంటికి వెళ్లినప్పుడు అందరితోనూ మాట్లాడండి. ఎవరూ చూడకుండా పెరుగన్నం పెట్టే నానమ్మగారు, మెట్ల దగ్గర కర్ర ఆడించే పక్కింటి కుర్రాడు, వీళ్ల సంగతి యజమాని చెప్పరు. కుక్క గానీ పిల్లి గానీ సమస్య అంటున్న పని చేసే ముందు ఏం జరిగింది, చేశాక దానికి ఏం దక్కింది అని అడగండి. చిన్నప్పుడు, అంటే కుక్కపిల్లకు 3 నుంచి 12 వారాలు, పిల్లికూనకు 2 నుంచి 7 వారాల వయసులో ఎక్కడ, ఎవరి మధ్య పెరిగిందో తప్పకుండా అడగండి. కొత్తవాళ్లంటే ఉండే భయానికి మూలం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

సర్టిఫికెట్ చివర్లో చూసుకోవచ్చు. సర్టిఫికేషన్ కౌన్సిల్ ఫర్ ప్రొఫెషనల్ డాగ్ ట్రైనర్స్ అనే అమెరికా సంస్థ పరీక్ష రాయాలంటే కనీసం 300 గంటల శిక్షణ అనుభవం చూపించాలి. కాబట్టి మొదటి రోజు నుంచే గంటలు రాసిపెట్టుకోండి. అంతకంటే ముందు రేబిస్ ముందస్తు టీకాలు వేయించుకోండి. అవి వేయించుకున్నా సరే, పన్ను గీసుకుంటే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంటి నుంచి బయలుదేరే ముందు, ఆ వారం చేయాల్సినవి ఒకే కాగితం మీద తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించి రండి. మూడుకు మించి రాయొద్దు. మూడో రోజు మీరే ఫోన్ చేసి, ‘ఎలా ఉంది?’ అని కాకుండా, ‘నిన్న ఎన్నిసార్లు గుర్రుమన్నాడు?’ అని అడగండి.