ఫిల్ కాలిన్స్ కోసం ఒక సాయంత్రం: అపార్ట్‌మెంట్ హాల్లో కాన్సర్ట్ సినిమా వేయడం ఎలా

2009లో మెడ వెన్నుపూసకు ఆపరేషన్ అయ్యాక బ్రిటిష్ గాయకుడు, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్‌కు డ్రమ్ కర్ర పట్టుకోవడమే కష్టమైపోయింది. 2022 మార్చి 26న లండన్ ఓటూ అరీనాలో తన రాక్ బృందం జెనెసిస్ చివరి కచేరీలో ఆయన కుర్చీలో కూర్చునే పాడారు. డ్రమ్స్ కొడుకు నిక్ వాయించాడు. ఆయన కోసం బెంగళూరులో మనవాళ్లు ఒక సాయంత్రం కూడాలనుకుంటే, 1990 జూలై 15న బెర్లిన్‌లోని వాల్డ్‌బ్యూనా ఆరుబయలు రంగస్థలంలో చిత్రీకరించిన ‘సీరియస్ హిట్స్... లైవ్!’ వేయండి. పువ్వులు, ఉపన్యాసాల కన్నా ఆయన సంగీతం హాల్లో సరిగ్గా వినపడటం ముఖ్యం. అందుకే డబ్బూ శ్రమా ఎక్కువగా సౌండ్ మీదే పెట్టండి.

ముందు అనుమతులు. డిస్క్ కొంటే వచ్చేది ఇంట్లో చూసుకునే హక్కే, ఓటీటీ ఖాతా కూడా అంతే. హాలు బుక్ చేయకముందే హక్కులున్న కంపెనీకి మెయిల్ రాసి ప్రదర్శనకు లైసెన్స్ అడగండి. బహిరంగ ప్రదర్శన అయితే సెన్సార్ సర్టిఫికెట్ సంగతీ తేల్చుకోవాలి. ఇవన్నీ కొత్తయితే బనశంకరిలోని సుచిత్ర ఫిల్మ్ సొసైటీ లాంటి చోట అనుభవమున్న వాళ్లను కలవడం మేలు. ఇంకో చిక్కు: మన దేశం డీవీడీ రీజియన్ 5, బ్రిటన్ 2, అమెరికా 1. బయటి నుంచి తెప్పించిన డిస్క్ మామూలు ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. వారం ముందే పెట్టి చివరిదాకా చూడండి, నిడివి కూడా అప్పుడే రాసుకోండి.

ఇక సౌండ్. కాలిన్స్ డ్రమ్స్ శబ్దం, 1980లో వచ్చిన, జెనెసిస్ మాజీ గాయకుడు పీటర్ గాబ్రియెల్ మూడో ఆల్బమ్ రికార్డింగ్‌లో, ఇంజనీర్ హ్యూ ప్యాడమ్ చేతిలో పుట్టింది. దెబ్బ పడగానే గది ప్రతిధ్వని ఒక్కసారి ఉబ్బి, కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. 1981 నాటి ‘ఇన్ ద ఎయిర్ టునైట్’ రికార్డులో మూడున్నర నిమిషాలు దాటాక డ్రమ్స్ దిగే చోట అందరూ ఎదురుచూసేది దీని కోసమే. క్లబ్‌హౌస్ హాళ్లలో టైల్స్ నేల, అద్దాల గోడలు, పీఓపీ సీలింగ్ ఉంటాయి. అక్కడ ఆ కోత వినపడదు, హాలు తన ప్రతిధ్వనితో ఆ ఖాళీని నింపేస్తుంది. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తోక సాగినట్టు వినపడితే షామియానా వాళ్ల దగ్గర జంపఖానాలు, మందపాటి తెరలు అద్దెకు తెచ్చి, జంపఖానాలు నేల మీద పరచండి. స్పీకర్లకు ఎదురుగా ఉన్న వెనక గోడను మాత్రం తెరలతో తప్పకుండా కప్పండి, ఎక్కువ దెబ్బ తీసేది అదే.

అరవై మంది పట్టే హాలుకు 12 అంగుళాల పవర్డ్ స్పీకర్లు (లోపలే యాంప్లిఫయర్ ఉన్నవి) రెండు, బేస్ మోత కోసం 18 అంగుళాల సబ్‌వూఫర్ ఒకటి చాలు. స్పీకర్లను స్టాండ్ల మీద, కూర్చున్న వాళ్ల తలలకు పైగా, తెరకు రెండు పక్కలా పెట్టండి. సబ్‌వూఫర్‌ని మూలకు నెట్టొద్దు. నెడితే కిక్ డ్రమ్, బేస్ గిటార్ కలిసిపోయి బుమ్మని ఒకే మోత అవుతుంది. బ్లూటూత్ అసలే వద్దు, శబ్దం ఆలస్యమై కర్ర తగిలాక డ్రమ్ మోగుతుంది. వైరు వాడినా డ్రమ్మర్ చేతులు దగ్గరగా కనిపించే షాట్ దగ్గర ఆపి సరిచూసుకోండి. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్ వాడితే జె, కె మీటలు నొక్కిన ప్రతిసారీ శబ్దం 50 మిల్లీసెకన్లు అటూ ఇటూ జరుగుతుంది. గుయ్‌మని హమ్ వస్తే ప్రొజెక్టర్, మిక్సర్ ఒకే పవర్ బోర్డు మీద ఉన్నాయో లేదో చూడండి. అప్పటికీ పోకపోతే ఆడియో వైరు మధ్యలో డీఐ బాక్స్ (హమ్‌ను అడ్డుకునే చిన్న పెట్టె) పెట్టండి. ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను తీసేసే చిట్కా ఎవరు చెప్పినా వినకండి, ప్రాణం మీదికి వస్తుంది.

హాలు మధ్యలో మోత 90 డెసిబెల్స్ దగ్గర ఆపండి. రెండు గంటలకు 91 దాటకుండా ఉంటే చెవులకు క్షేమం. పిల్లలకు ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు ఇవ్వండి. ఖాళీ హాల్లో సెట్ చేసిన సౌండ్ జనం నిండాక మందగిస్తుంది, రెండో పాటకల్లా కాస్త పెంచాలి.

చిత్రం విషయానికొస్తే, పది అడుగుల వెడల్పు తెరకు 3500 ల్యూమెన్స్ ప్రొజెక్టర్ కావాలి. కచేరీ దృశ్యాలు ఎక్కువగా చీకట్లో ఉంటాయి కాబట్టి కిటికీలకు నల్లగుడ్డ కట్టాలి. ఏడింటికి ముందు మొదలుపెట్టకండి, రాత్రి పదికి ముందే ముగించండి. పది తర్వాత లౌడ్‌స్పీకర్లకు నిబంధనలు కఠినం, హాలు గోడలు దాటి వచ్చే మోతకు పక్క బ్లాకు వాళ్లు ఫిర్యాదూ చేస్తారు. సినిమా నిడివి ఇందులో ఇమడకపోతే ఏ పాటలు వేయాలో ముందే ఎంచుకోండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొన్ని సెకన్లకే ప్రొజెక్టర్ ఆరిపోతుంది. లాంప్ చల్లారి మళ్లీ వెలిగేసరికి నిమిషాలు పడుతుంది. ప్రొజెక్టర్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఒక 1 కేవీఏ యూపీఎస్ పెట్టండి, స్పీకర్లను దానికి తగిలించొద్దు.

ఆయన మన మధ్యే ఉన్నారు కాబట్టి పోస్టర్ మీద దండ వేసిన ఫోటో, దీపం, నలుపు తెలుపు బొమ్మ ఏవీ వద్దు. డ్రమ్స్ దగ్గర నవ్వుతున్న రంగు ఫోటో వేయండి. ముందుమాట మూడు నిమిషాలు మించకూడదు, జబ్బు గురించి ఆయన స్వయంగా చెప్పినదే చెప్పాలి. పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న అమ్మానాన్నలు కూడా కూర్చుంటారు, ఒక్కో పాట భావం రెండేసి వాక్యాల్లో తెలుగులో రాసి ఒక కాగితం చేతికివ్వండి. పాటల మాటలు మక్కీకి మక్కీ అచ్చు వేయకండి.

విరామంలో కాఫీ దగ్గరే ఏ3 కాగితాలు, స్కెచ్ పెన్నులు పెట్టి, ఆయనకు చెప్పాలనుకున్నది తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా రాయమనండి. బజ్జీల పళ్లెం మాత్రం ఇంకో బల్ల మీద పెట్టండి, నూనె చేతులతో ముట్టుకుంటే కాగితం పాడవుతుంది. తెలుగు సందేశాల కింద ఇంగ్లీషులో ఒక వాక్యం అర్థం రాసి, అన్నీ స్కాన్ చేసుకుని, అధికారిక వెబ్‌సైట్‌లో ఇచ్చిన చిరునామాకు మాత్రమే మామూలు కవర్లో పంపండి. కానుకలు, పార్సెళ్లు వద్దు.