స్నాప్‌డ్రాగన్ మొక్కకు ఏమైంది? మందు కొట్టే ముందు ఇవి చూడండి

డిసెంబర్‌లో నర్సరీలో చూసి మనసుపడి తెచ్చుకున్న స్నాప్‌డ్రాగన్ పూలమొక్క ఏప్రిల్ నాటికి కట్టెపుల్లలా మిగిలితే, "నా చేతిలో మొక్క బతకదండీ" అంటుంటారు చాలామంది. చేతి తప్పేమీ లేదు. ఇది మధ్యధరా తీరపు మొక్క. పగలు ఇరవై డిగ్రీల చుట్టుపక్కల, రాత్రి పది దగ్గర ఉంటే దానికి పండగ. విత్తనాల ప్యాకెట్ మీద 'ఫుల్ సన్' అని రాసి ఉంటుంది కానీ, అది చలిదేశాల ఎండను ఉద్దేశించిన మాట. మన దగ్గర నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆ ఎండ దొరుకుతుంది. మార్చి ఎండ వేరే సంగతి. కాబట్టి మొక్కకు ఏదైనా తేడా చేస్తే ముందు క్యాలెండర్ చూడండి, తర్వాత ఆకు తిప్పి అడుగుభాగం చూడండి. మందుల డబ్బా ఆ తర్వాత.

విత్తనం మొలవలేదు

తొంభై పాళ్ళు మట్టి కప్పేసి ఉంటారు. స్నాప్‌డ్రాగన్ విత్తనం నల్లటి ధూళిలా ఉంటుంది, గ్రాముకు ఐదు వేలకు పైనే తూగుతాయి. మొలవాలంటే వెలుతురు తగలాలి. తడిపిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మీద చల్లి, వేలితో మెల్లగా అదిమి వదిలేయండి. నీళ్ళు పోయకండి, స్ప్రే చేయండి. పైన పల్చటి పాలిథిన్ కప్పి నీడలో పెడితే పది, పద్నాలుగు రోజుల్లో పచ్చటి చుక్కలు కనిపిస్తాయి.

రెండో కారణం తొందర. సెప్టెంబర్ ఉక్కలో వేస్తే సరిగా మొలవదు, మొలిచినా కుళ్ళిపోతుంది. హైదరాబాద్ వాళ్ళు అక్టోబర్ మొదట్లో, కోస్తా వాళ్ళు ఇంకో రెండు వారాలు ఆగి వేసుకుంటే మంచిది. ఈ ఓపిక లేకపోతే కడియం నర్సరీల నుంచి వచ్చే నారు కొనుక్కోండి, అందులో చిన్నతనమేమీ లేదు. కొందరు నర్సరీవాళ్ళు దీన్నే డాగ్ ఫ్లవర్ అంటారు, పువ్వు రెండు పక్కలా నొక్కితే కుక్క నోరు తెరిచినట్టు ఉంటుంది కాబట్టి.

నారు నిన్న బాగుంది, ఇవాళ మొదట్లో నలిగి పడిపోయింది

నారుకుళ్ళు. నా మొదటి ట్రే మొత్తం ఇలాగే పోయింది. ప్రేమకొద్దీ పొద్దున, సాయంత్రం పైనుంచి నీళ్ళు చల్లేదాన్ని. పడిపోయిన మొక్క మళ్ళీ లేవదు, మిగిలినవాటిని కాపాడుకోవాలి. పడినవి తీసేసి, లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మట్టి తడిసేలా పోయండి. ఆ తర్వాత ట్రేను పళ్ళెంలో పెట్టి కిందినుంచి నీళ్ళు పీల్చుకోనివ్వండి. పైమట్టి కాస్త ఆరాకే మళ్ళీ తడి.

ఒకే కాడ పొడుగ్గా లేచింది, కొమ్మల్లేవు

చివర తుంచలేదు. నాలుగంగుళాల ఎత్తు, మూడు నాలుగు జతల ఆకులు వచ్చాక చివురు గిల్లేయాలి. పూత రెండు మూడు వారాలు వెనక్కి పోతుంది, కానీ ఒక పూలకంకికి బదులు ఐదారు వస్తాయి. ఇప్పటికే మొగ్గ వేసిందా, ఇక గిల్లకండి. ఆ కంకి పూశాక కోసేయండి.

తుంచినా సాగుతోందంటే వెలుతురు చాలట్లేదు. రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి తిరుగుతాడు కదా, ఉత్తరం బాల్కనీలో డిసెంబర్‌లో నేరుగా ఎండ పడదు. అలాంటిచోట ఈ మొక్క పెట్టుకోకపోవడమే మేలు.

పొడుగు రకాలకు గాలికి ఒరిగే గుణం ఉంది, చిన్నప్పుడే వెదురుపుల్ల ఆసరా ఇవ్వండి. ఒరిగిన కంకి చివర తనంతట తానే పైకి తిరిగి వంకర పోతుంది. కోసిన కంకిని బల్లమీద అడ్డంగా పడేసి చూడండి, కొన్ని గంటల్లో తల ఎత్తేస్తుంది.

ఆకులు నవనవలాడుతున్నాయి, పూలే లేవు

ఎరువు ఎక్కువైంది, అందులోనూ యూరియా లాంటి నత్రజని ఎరువు. కొన్నాళ్ళు ఎరువు ఆపి, తర్వాత పొటాష్ ఎక్కువుండేది పల్చగా ఇవ్వండి. ఇంకో కారణం చాలామందికి తట్టదు. ఈ పువ్వులో పగటి నిడివిని బట్టి రకాలున్నాయి. కొన్ని పొట్టి పగళ్ళలో కూడా పూస్తాయి, కొన్ని పగలు పెరిగేదాకా ఆగుతాయి. ఆన్‌లైన్‌లో కొన్న కట్‌ఫ్లవర్ (కోసి అమ్మే పూల రకం) విత్తనం రెండో రకమైతే, పగలు పెరిగేసరికి మన ఎండలు ముదిరిపోతాయి. చలికాలంలో పూసే రకమో కాదో చూసి కొనండి. కుండీలకైతే పొట్టి రకాలతో ఈ తలనొప్పి తక్కువ.

ఆకు పైన పసుపు మచ్చ, కింద ఇటుకపొడి

తుప్పు తెగులు. ఈ మొక్కకు దీన్ని మించిన శత్రువు లేదు. ఆకు తిప్పితే గోధుమరంగు బొబ్బలు, ఒక్కోసారి గుండ్రంగా వలయాల్లా ఉంటాయి. వేలితో రుద్దితే పొడి అంటుకుంటుంది. ఆకు రాత్రంతా తడిగా ఉంటే ఇది పుంజుకుంటుంది. సాయంత్రం పైపుతో మొక్క మీద నీళ్ళు కొట్టి, ఆపైన మంచు కూడా కురిసిందంటే దానికి ఎర్రతివాచీ పరిచినట్టే.

ఆ ఆకులు గిల్లి కవర్లో కట్టి చెత్తలో వేయండి, కంపోస్ట్ డబ్బాలో వద్దు. నీళ్ళు ఉదయం పూట, మొదట్లోనే పోయండి. మొక్కల మధ్య తొమ్మిదంగుళాలన్నా వదలండి. ఇంకా పాకుతుంటే లీటరుకు రెండున్నర గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు ఆకు అడుగు తడిసేలా పిచికారీ చేయండి. సగం మొక్క పట్టేస్తే మందు దండగ, పీకేయండి. వచ్చే ఏడాది అదే చోట మళ్ళీ ఇదే వేయకండి.

ఎర్రనల్లిని చూసి తుప్పు అనుకునేవాళ్ళున్నారు. నల్లి పడితే పైన సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు, కింద పల్చటి గూడు. తెల్ల కాగితం మీద ఆకు తట్టండి, చుక్కలు నడిస్తే నల్లే. ఇది తడికి కాదు, పొడి వేడికి వస్తుంది. ఆకు అడుగున నీళ్ళు గట్టిగా కొట్టి, ఆరాక వేపనూనె లీటరుకు ఐదు మి.లీ., నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం చల్లండి.

ఆకు పైన తెల్లటి పొడి ఉంటే బూడిద తెగులు, నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు చాలు. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు మాత్రం గంధకం వద్దు, ఆకులు మాడతాయి. చివుళ్ళ దగ్గర జిగురు, చీమల బారు ఉంటే పేనుబంక. దానికీ ఆ వేపనూనే.

మధ్యాహ్నం తల వేలాడేసింది

సాయంత్రం లేచి నిలబడితే అది వేడికి అలసటే, మళ్ళీ నీళ్ళు పోయకండి. పొద్దున్నే వాడి ఉండి, మట్టి వేలు పెడితే ఎండి ఉంటే నీళ్ళు పోయండి. మట్టి తడిగా ఉండి మొక్క వాడిందంటే వేరు కుళ్ళింది. అసలు నష్టం చేసేది ఇదే, ఎందుకంటే వాడిందనుకుని మనం ఇంకా పోస్తాం. కుండీ రంధ్రాలు మూసుకున్నాయేమో చూడండి, మూడో వంతు ఇసుక కలిసిన మట్టిలోకి మార్చి చూడండి. మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ కుండీలైతే వేర్లు ఉడికిపోతాయి, ఫిబ్రవరి సగం నుంచి మధ్యాహ్నం పూట గ్రీన్ నెట్ నీడ ఇవ్వాలి.

ఒక విడత పూసి ఆగిపోయింది

కంకి మీద కాయలు కట్టనిచ్చారు. పువ్వు రాలగానే కంకిని కింద ఆకుల జత పైదాకా కత్తిరిస్తే పక్కనుంచి కొత్త కొమ్మలు లేస్తాయి. ఒకటి రెండు కాయలు సరదాకి ఉంచండి, ఎండాక అచ్చం చిన్న పుర్రెల్లా ఉంటాయి, మా పిల్లలకు భలే ఆట.

మార్చిలో ఆగిందంటే మాత్రం చేసేదేమీ లేదు. అరకు, హార్స్‌లీ హిల్స్ లాంటి చల్లటిచోట్ల ఇంకొంత కాలం సాగుతుంది. డల్లాస్‌లో ఉన్న మా చెల్లి అక్టోబర్‌లో నాటి వసంతంలో పూయిస్తుంది. విజయవాడలో వేసవి దాటించాలని నేను రెండేళ్ళు ప్రయత్నించి, మూడో ఏడు మార్చి ఆఖర్లో పీకేసి ఆ కుండీలో తోటకూర చల్లాను. ఎండిన కాయల్లో విత్తనం తీసి కాగితం పొట్లంలో దాచాను కూడా. హైబ్రిడ్ మొక్క విత్తనం కాబట్టి మళ్ళీ అదే రంగు రాకపోవచ్చు.