పాలలో కొవ్వు విడిపోవడం ఇంట్లోనే చూడాలంటే

లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వును విడగొడుతుందని పిల్లలు బట్టీ పట్టేస్తారు గానీ, అది జరుగుతుంటే కళ్లారా చూడొచ్చు, పెద్ద కష్టం కూడా కాదు.

లైపేజ్ పొడి, ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగు చూపే సూచిక), సోడియం కార్బొనేట్ అనే క్షారం హైదరాబాద్‌లో కోఠి వైపు ల్యాబ్ సామాను అమ్మే షాపుల్లో అడగండి. వంటసోడా పనికిరాదు, అది వేరే పదార్థం, రంగు సరిగ్గా రాదు. పాలు ఫుల్ క్రీమ్ ప్యాకెట్ తెచ్చుకోండి, అందులో 6 శాతం కొవ్వు ఉంటుంది, టోన్డ్‌లో 3 శాతమే. నీళ్లు మాత్రం డిస్టిల్డ్ వాటరే వాడండి, మన బోరు నీళ్లలోని కాల్షియం సోడియం కార్బొనేట్‌ను ముందే తినేస్తుంది.

100 మి.లీ. నీళ్లలో అర గ్రాము సోడియం కార్బొనేట్, ఇంకో గిన్నెలో 20 మి.లీ. నీళ్లకు ఒక గ్రాము లైపేజ్ కలపండి. ఆ పొడి ముక్కులోకి పోకుండా మాస్క్ పెట్టుకోండి. టెస్ట్ ట్యూబ్‌లో 5 మి.లీ. పాలు, ఐదు చుక్కల ఫినాఫ్తలీన్, 7 మి.లీ. సోడియం కార్బొనేట్ ద్రావణం పోస్తే పాలు గులాబీ రంగులోకి మారతాయి. ట్యూబ్‌ను గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టి, 1 మి.లీ. లైపేజ్ వేసి వాచీ చూసుకోండి. మే నెలలో అయితే వేడినీళ్లు కాచే పని కూడా లేదు, మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లే సరిపోతాయి, థర్మామీటర్‌లో 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉందో లేదో చూసుకుంటే చాలు.

గులాబీ రంగు మెల్లగా పాలిపోయి, చివరికి మళ్లీ తెల్లటి పాలే కనిపిస్తాయి. కొవ్వు అణువు అంటే ఒక గ్లిసరాల్‌కు అతుక్కున్న మూడు ఫ్యాటీ ఆసిడ్లు. లైపేజ్ నీటి సాయంతో ఆ అతుకులను తెంచుతుంది, విడిపోయిన ఆసిడ్లు క్షారాన్ని తగ్గిస్తాయి, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 8 దగ్గరికి దిగేసరికి ఫినాఫ్తలీన్ రంగు పోతుంది.

అసలు ముఖ్యమైనది రెండో ట్యూబ్, చాలామంది వదిలేసేది కూడా అదే. అన్నీ అలాగే పోసి, బాగా మరిగించి చల్లార్చిన లైపేజ్ వేయండి. మరిగితే ఎంజైమ్ ఆకారం చెడిపోతుంది, ఇక పని చేయదు, కాబట్టి గులాబీ రంగు నిలవాలి. అదీ పాలిపోతే మీ పాలు పులుస్తున్నాయని అనుమానించండి, లాక్టిక్ ఆసిడ్ కూడా ఇదే రంగును తీసేస్తుంది. తాజా ప్యాకెట్‌తో మళ్లీ మొదలుపెట్టండి.

ఫినాఫ్తలీన్ సీసాలో ఆల్కహాల్ ఉంటుంది, స్టవ్ దగ్గర పెట్టకండి. అయ్యాక ఆ పాలు సింకులో పారబోసి నీళ్లు వదలండి, పిల్లి గిన్నెలో కూడా పోయొద్దు.