మరియమాత సిద్ధాంతాలు, మొదటి శతాబ్దాల రాతల్లోంచి – 3వ పాఠం: ఎఫెసులో తగవు ఎవరి గురించి?

పోయిన పాఠంలో హవ్వ అవిధేయత వేసిన ముడిని మరియ విధేయత విప్పిందన్న ఇరేనియస్ మాట చదివాం. ఈయన రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత. ఆయన అది రాసింది సుమారు 180లో. ఆ ఒక్క వాక్యమే చూస్తే మరియమాత స్తుతి అనుకుంటాం. అదే అధ్యాయం మొదటి నుంచి చదవండి. క్రీస్తు కన్య నుంచి ఏమీ తీసుకోలేదనే వాళ్లకు ఆయన అక్కడ జవాబు చెబుతున్నాడు. మరియ ప్రస్తావన ఆ జవాబులో భాగంగా వచ్చింది. కాబట్టి పాత రాత ఏది దొరికినా, ఇది ఎవరికి చెప్పిన జవాబో ముందు కనిపెట్టాలి. ఈ పాఠంలో అలవాటు చేసుకోవాల్సింది అదే.

ఇప్పుడు ఎఫెసుకు, అంటే 431లో అక్కడ జరిగిన సంఘ పెద్దల మహాసభకు వద్దాం. దానికి దారితీసిన తగవు కాన్‌స్టాంటినోపుల్‌లో మొదలైంది. 428లో నెస్టోరియస్ కాన్‌స్టాంటినోపుల్ పీఠాధిపతి అయ్యాడు. అక్కడ మరియను థియోటోకోస్, అంటే దేవుణ్ణి కన్న తల్లి అని పిలవడం మామూలే. ఆ పిలుపు అప్పుడే పుట్టింది కాదు. అంతకు వంద ఏళ్ల ముందే, 324 ప్రాంతంలో, అలెగ్జాండ్రియా పీఠాధిపతి అలెగ్జాండర్ తన లేఖలో దాన్ని వాడాడు. నెస్టోరియస్‌కు మాత్రం అది ఇబ్బందిగా తోచింది. ఆది లేని దేవుడికి ఒక స్త్రీ కడుపున మొదలు ఉందని జనం అనుకుంటారని ఆయన భయం. అందుకే క్రీస్తును కన్న తల్లి అంటే సరిపోతుందన్నాడు. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదని నా అభిప్రాయం.

అలెగ్జాండ్రియా పీఠాధిపతి సిరిల్ నెస్టోరియస్‌కు రాసిన రెండో లేఖను నిదానంగా చదవాలి. వాక్కు (అంటే దేవుని కుమారుడు) అయిన దేవుడి స్వభావం మరియ నుంచి మొదలైందని మేము అనడం లేదు అని సిరిల్ అందులో స్పష్టంగా చెబుతాడు. ఆత్మ గల శరీరాన్ని వాక్కు తనతో ఏకం చేసుకుని ఆమె నుంచి పుట్టాడు, పుట్టినవాడు ఒక్కడే, ఆయన దేవుడు, కాబట్టి ఆమె దేవుని తల్లి. ఇదీ వాదన. ఇందులో మరియ గొప్పతనం కొలిచే మాట ఒక్కటీ లేదు. తగవంతా ఆమె కొడుకు ఎవరనే దాని మీదే.

431 జూన్ 22న ఎఫెసులో మరియ పేరుతో ఉన్న గుడిలో మహాసభ మొదలైంది. అంతియొకయ పీఠాధిపతి యోహాను బృందం ఇంకా దారిలోనే ఉంది. సిరిల్ వాళ్ల కోసం ఆగలేదు. నెస్టోరియస్ సభకు రాలేదు. ఆ రోజే సిరిల్ రాసిన ఆ రెండో లేఖ చదివి ఆమోదించారు, నెస్టోరియస్‌ను పదవి నుంచి తొలగించారు. రాత్రి జనం దివిటీలు పట్టుకుని పీఠాధిపతులను బసల దాకా సాగనంపారు. తర్వాత చేరుకున్న యోహాను వేరే సభ పెట్టి సిరిల్‌నే తొలగించాడు. 433లో గానీ ఇద్దరికీ రాజీ కుదరలేదు. ఆ ఒప్పందంలోనూ థియోటోకోస్ అనే మాట నిలిచింది. సిరిల్ తొందరపాటును నేను సమర్థించను. కానీ సభ నడిచిన తీరు వేరు, ఆ మాట నిజమా కాదా అన్నది వేరు. ఈ రెండూ కలిపేస్తే చరిత్ర చదవలేం.

ఎఫెసు అర్తెమి దేవత ఊరు కాబట్టి అక్కడే ఆమె స్థానంలో మరియను దేవుని తల్లిని చేశారని చాలామంది అంటారు. 324 నాటి అలెగ్జాండర్ లేఖను, 431 నాటి సభను పక్కపక్కన పెట్టి చూడండి. ఆ మాట అలెగ్జాండ్రియా ఉన్న ఐగుప్తులో ఎప్పటి నుంచో ఉంది. తేదీలు చూస్తేనే ఆ వాదన నిలబడదు.

నెస్టోరియస్‌ను గౌరవించే అస్సీరియన్ తూర్పు సంఘంతో 1994లో పోపు రెండో జాన్ పాల్ ఉమ్మడి ప్రకటన చేశారు. దేవుని తల్లి, క్రీస్తు తల్లి అనే రెండు పిలుపులూ ఒకే విశ్వాసాన్ని చెప్పేవేనని రెండు సంఘాలూ అందులో ఒప్పుకున్నాయి.

అభ్యాసం: లూకా 1:43, గలతీ 4:4 తెరవండి. వీటిలో సిరిల్‌కు ఏది ఎక్కువ పనికొస్తుంది? నెస్టోరియస్ దానికి ఏమని బదులిస్తాడు? ఇద్దరి తరఫునా రెండేసి వాక్యాలు రాయండి. నెస్టోరియస్ వైపు రాసేటప్పుడు ఆయన భయాన్ని నిజాయితీగా చెప్పండి.

4వ పాఠంలో ఎపిఫానియస్‌ను చదువుదాం. మరియను గౌరవించాలి, ఆరాధన మాత్రం తండ్రికి, కుమారుడికి, పరిశుద్ధాత్మకే చెల్లాలని ఎఫెసు సభకు యాభై ఏళ్ల ముందే రాసినవాడు ఆయన.