ఇంటర్నెట్ కాల్ నాణ్యత కొలుద్దాం – మూడో పాఠం: జిట్టర్

పోయిన పాఠంలో దారిలో పోయిన ప్యాకెట్లను (మాటను మోసుకెళ్లే చిన్న డేటా ముక్కలను) లెక్కపెట్టాం, దాన్నే లాస్ అంటారు. ఈసారి ఆలస్యంగా వచ్చే ప్యాకెట్ల సంగతి చూద్దాం. ప్యాకెట్లు ఒకే ఎడంతో రాకుండా ముందూ వెనకా కావడమే జిట్టర్. బెంగళూరులో, మారతహళ్లి వైపు ఆఫీసుల్లో తెలుగు కస్టమర్ కేర్ కాల్స్ చూసేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. ఇక్కడి నుంచి "ఖాతా నంబరు చెప్పండమ్మా" అంటే, కర్నూలులో ఉన్నావిడకు "తా నంబ... డమ్మా" అని వినబడుతుంది. నెట్‌వర్క్ టీమ్‌ను అడిగితే "లాస్ సున్నా, జిట్టర్ రెండు మిల్లీసెకన్లే" అంటారు. ఇద్దరి మాటా నిజం కావచ్చు.

ఎలాగో కాగితం మీద లెక్క వేద్దాం. జి.711 కోడెక్‌తో (మాటను డేటాగా మార్చే పద్ధతి) మాట సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా వెళ్తుంది, అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. ఐదు ప్యాకెట్లు 0, 20, 45, 60, 110 మిల్లీసెకన్ల దగ్గర చేరాయనుకోండి. మధ్య ఎడం 20, 25, 15, 50. ఉండాల్సిన 20తో తేడా 0, 5, 5, 30. ఎక్కువా తక్కువా అన్నది పట్టించుకోవద్దు, తేడా ఎంతో చాలు.

2003 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3550 (ఇంటర్నెట్‌లో మాటను పంపే ఆర్‌టీపీ పద్ధతికి ప్రమాణ పత్రం) సూత్రం ఇది: కొత్త తేడాలోంచి పాత జిట్టర్ తీసేసి, మిగిలినదాన్ని 16తో భాగించి, పాత జిట్టర్‌కు కలపాలి. మొదట సున్నా, తర్వాత 0.31, 0.61, చివరికి 2.44.

ఇక్కడ కాస్త ఆగండి. చివరి ప్యాకెట్ 80 దగ్గర రావాల్సింది, 30 ఆలస్యమైంది. రిపోర్టులో పడేది మాత్రం 2.44. అవతలి ఫోనులో జిట్టర్ బఫర్ (వచ్చిన ముక్కలను వినిపించే ముందు కాసేపు ఆపి ఉంచే చోటు) 20 మిల్లీసెకన్లే అయితే, ఆ ముక్క 100 దగ్గర వినిపించాలి. 110కి వస్తే ఫోను దాన్ని పారేస్తుంది. ప్యాకెట్ చేరింది కాబట్టి లాస్‌లోకి రాదు! ఒక్కటి పోతే ఫోను ఎలాగో కప్పిపుచ్చుతుంది. వరుసగా నాలుగైదు పోతే అక్షరమే ఎగిరిపోతుంది. అందుకే సగటు జిట్టర్ ఒక్కటే రాసిన రిపోర్టును నేను ఒప్పుకోను.

బఫర్ పెంచవచ్చు కానీ, పెంచినంతా ఆలస్యమే. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదని ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) జి.114 సిఫారసు.

ఇక వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను పట్టి చూపే ప్రోగ్రామ్) తెరవండి. టెలిఫోనీ మెనూలో ఆర్‌టీపీ, అందులో ఆర్‌టీపీ స్ట్రీమ్స్. ముందు మ్యాక్స్ డెల్టా (వరుస ప్యాకెట్ల మధ్య అతి పెద్ద ఎడం) చూడండి. మన ఉదాహరణలో అది 50. సైలెన్స్ సప్రెషన్ (మాట లేనప్పుడు ప్యాకెట్లు పంపకపోవడం) ఆన్‌లో ఉంటే మాట ఆగినప్పుడల్లా డెల్టా పెద్దదవుతుంది, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు. ఇంకోటి, కర్నూలు ఆవిడకు వినబడేది మారతహళ్లిలో పట్టిన క్యాప్చర్‌లో కనబడదు. అటువైపు క్యాప్చర్ చేయాలి, కుదరకపోతే అక్కడి ఫోను పంపే ఆర్‌టీసీపీ రిపోర్టులు (తనకు ప్యాకెట్లు ఎలా అందాయో ఫోను చెప్పేవి) చూడాలి.

అభ్యాసం: ప్యాకెట్లు 0, 22, 40, 95, 98 దగ్గర చేరాయి. జిట్టర్ 3.3 దగ్గర రావాలి. 20 బఫర్‌తో ఏది పోతుంది, 40 అయితే ఏది మిగులుతుంది?